తేమ తరుగు

మా పెదనాయన బల్ల మీద ఎప్పుడూ మూడు పుస్తకాలుంటాయి. పత్తి పుస్తకం, సంఘం రసీదు పుస్తకం, తీర్మానాల పుస్తకం. మూడింటికీ ఖాకీ అట్టలే, మూడింట్లోనూ ఎర్ర సిరా టిక్కులే. హెడ్మాస్టరుగా రిటైరై పన్నెండేళ్లయినా ఆయన ఎర్ర పెన్ను మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉంది. సంఘానికి కోశాధికారి కాబట్టి దేవుడి డబ్బుకు లెక్క రాస్తాడు. పదెకరాల పత్తి ఉంది కాబట్టి కూలీలకు లెక్క రాస్తాడు. మేమంతా ఆయన ఇంటివాళ్లం కాబట్టి మా ఆత్మలకు కూడా లెక్క రాస్తాడు.

ఆ చివరి లెక్క ఏటా డిసెంబరు 31 సాయంత్రం తేలుతుంది.

మా నాన్న పోయాక నాకు దర్శి అంటే పెదనాయన ఇల్లే. క్రిస్మస్ ముందురోజు తెల్లారుజామున హైదరాబాదు బస్సు దిగుతాను, జనవరి 1 మధ్యాహ్నం వేటమాంసం కూరతో అన్నం తిని మళ్లీ బస్సెక్కుతాను. ఎండాకాలంలో ఈ ఊరిని ప్రేమించడానికి చాలా ఓపిక కావాలి. డిసెంబరులో ఏ ఓపికా అక్కర్లేదు. సాగర్ కుడికాలువ బ్రాంచిలో నీళ్లు పారుతుంటాయి, కంది పూత మీద ఉంటుంది, మిరప చేలల్లో పచ్చకాయ ఒక్కొక్కటే ఎర్రబడుతూ సంక్రాంతి కోసం ఎదురుచూస్తుంటుంది. పత్తి చేలు మాత్రం తెల్లగా విచ్చుకుని, తియ్యండి తియ్యండి అని తొందరపెడుతుంటాయి. రాత్రి మేడల మీద నక్షత్రాలు వెలుగుతాయి. అందరివీ ఇప్పుడు బజార్లో కొన్న ప్లాస్టిక్ నక్షత్రాలే. పెదనాయనది మాత్రం వెదురు బద్దలు, రంగు కాగితం, లోపల ఒక బల్బు. అయిదు కోణాలూ సమానంగా ఉన్నాయా లేదా అని స్కేలు పెట్టి కొలుస్తాడు.

క్రిస్మస్ పండగ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అందరిళ్లలో ఎలా జరుగుతుందో అలాగే జరిగింది. కుర్రాళ్లు ఆటో మీద కీబోర్డు, డప్పులు, క్రిస్మస్ తాతను ఎక్కించుకుని అర్ధరాత్రి కేరల్స్‌కి వచ్చారు. పెద్దమ్మ అరిసెలు ఈసారి కూడా పాకం ముదిరి కొంచెం గట్టిపడ్డాయి, ఈసారి కూడా అందరం బాగున్నాయన్నాం. కొత్త బట్టలు, గుడి, కేకు, బంధువులు, ఎంగిలి కంచాలు. ఇరవైఆరు మధ్యాహ్నానికి ఇల్లు సద్దుమణిగింది.

ఇరవైఏడున పెదనాయన నన్ను చేలోకి రమ్మన్నాడు. "కళ్లు మసకలుగా ఉన్నాయిరా. కాటా దగ్గర కూర్చుని నువ్వు రాయి. నీ దస్తూరీ బాగుంటుంది" అన్నాడు. ఆయన నోటి నుంచి దస్తూరీ బాగుందని వినడానికి నాకు నలభై రెండేళ్లు పట్టింది. సంబరంగా వెళ్లాను.

కురిచేడు దారిలో ఉంది చేను. నాలుగెకరాలు సొంతం, ఆరు కౌలు. రెండో తీత నడుస్తోంది. ఇరవైఒక్క మంది ఆడవాళ్లు నడుముకు గుడ్డ కట్టుకుని సాళ్లలో వంగి ఉన్నారు. పత్తి తీసే చేతులు చూడాలి. కాయ రెక్కల మొనలు సూదుల్లా ఉంటాయి. వాటి మధ్యకు అయిదు వేళ్లూ పోనిచ్చి, ఆకు ముక్క అంటకుండా, నాలుగు పాయలూ ఒక్క లాగుకు ఊడదీస్తారు. సీజను పూర్తయ్యేసరికి గోళ్ల చుట్టూ చర్మం చీలికలై ఉంటుంది. కూలి రోజు లెక్కన కాదు, కిలో లెక్కన. కిలోకి పన్నెండు రూపాయలు. మధ్యాహ్నం ఒక కాటా, పొద్దు గూకేముందు ఒక కాటా.

వేపకొమ్మకు డయలు కాటా వేలాడగట్టి ఉంది. ఒక్కొక్కరూ పాత చీర ముక్కల్లో కట్టిన మూట తెచ్చి కొక్కేనికి తగిలిస్తున్నారు. ముఠాను నడిపే ముసలామె ముల్లు చూసి అంకె చెప్తుంది. ఆమెను ఊరంతా మేస్త్రమ్మ అంటారు. చదువు లేదు గాని కాటా ముల్లు మాత్రం చదువుతుంది.

"ఇరవై రెండు" అంది మేస్త్రమ్మ.

"కిలో కొట్టెయ్. ఇరవై ఒకటి రాయి" అన్నాడు పెదనాయన.

నేను రాశాను.

"పంతొమ్మిది."

"పద్దెనిమిది రాయి."

నాలుగు మూటలయ్యాక అడిగాను. "ఆ కిలో ఏంటి పెదనాయనా?"

"తేమరా. పొద్దున్నే తీసిన పత్తి మంచు పీల్చుకుని ఉంటుంది. కొనేవాడు నా దగ్గర తరుగు తియ్యడా? తీస్తాడు. మరి నేనెక్కణ్ణించి తెచ్చేది?"

న్యాయంగానే అనిపించింది. రాసుకుంటూ పోయాను. సాయంత్రం కాటా మొదలైంది. ఎండ ఎంత తీక్షణంగా కాసిందంటే, మూటలు ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి.

"ఇరవై నాలుగు."

"ఇరవై మూడు రాయి."

"ఇప్పుడు మంచెక్కడుంది పెదనాయనా?"

ఆయన జవాబు వెతుక్కునేలోపే మేస్త్రమ్మ అందుకుంది. "మంచు లేకపోతే మా చెమట ఉంటదిగా బాబూ! అదీ తేమేగా!"

అందరూ గొల్లుమన్నారు. పెదనాయన అందరికంటే గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఇరవై మూడు అని రాశాను.

ఇంకొకటి కూడా ఆ రోజు చూశాను, చూసి వదిలేశాను. ఒక్కో మూట కాటా దిగగానే మేస్త్రమ్మ దాంట్లోంచి చిటికెడు పత్తి గిల్లి, దూది తీసి మూటలోనే పడేసి, గింజను నడుముకు దోపుకున్న వక్కాకు సంచిలో వేసుకుంటోంది. చేతులు ఊరుకోని మనిషి అనుకున్నాను. కొందరు వడ్లగింజలు ఒలుస్తూ కూర్చుంటారు, కొందరు పుల్లలు విరుస్తారు. ఈమెకు ఇదొక అలవాటేమో.

మా తాత కూడా ఇలాంటి కాటాల దగ్గరే చేతులు కట్టుకుని నిలబడినవాడు. ఆయన కొడుకు మిషను బడిలో పలక పట్టి, టీచరు ట్రెయినింగై, చివరికి కాటాకి ఇవతలి పక్కకు వచ్చాడు. ఈ సంగతి పెదనాయన దాచడు. సాక్ష్యం చెప్పినప్పుడల్లా చెప్తాడు, ప్రతిసారీ గొంతు వణుకుతుంది. అది నటన కాదు. ఆ సంగతి నేను పూచీ పడి చెప్పగలను.

ముప్పైఒకటో తారీకు సాయంత్రం ఆరింటికి ముందుగదిలో చాప పరిచారు. తీర్మానాల పుస్తకం బయటికొచ్చింది. దానికి ముందు మాకు చరిత్ర పాఠం ఉంటుంది. ముప్పై ఏళ్లుగా అదే పాఠం, అయినా వదలడు.

"జనవరి ఒకటి అంటే కేకు కోసుకోవడం కాదు. 1854 జనవరి 1, తెల్లారుజామున, జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్లు ఒంగోలు కొండెక్కారు. మొత్తం అయిదుగురు. ఈ ప్రాంతానికి ఒక మనిషిని పంపమని మోకాళ్లూనారు. అదొక తీర్మానం. ఎన్నాళ్లకు నెరవేరింది?"

"పన్నెండేళ్లకు తాతా" అంది మనవరాలు, ఆవలింత ఆపుకుంటూ.

"1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. 1867, మళ్లీ జనవరి 1నే, ఎనిమిది మందితో సంఘం కట్టాడు. ఆ తర్వాత?"

"కరువు."

"1876 నుంచి 78 దాకా. ధాత కరువని మా అవ్వ చెప్పేది. క్లౌ దొర ఏం చేశాడు? గంజి పోసి ఊరుకోలేదు. ఆయనకి సర్వే పని తెలుసు. బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. మన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు, కూలీని ఎవడూ తిట్టకుండా కొట్టకుండా, చేసిన పనికి కూలి చేతిలో పడేట్టు. పనికోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని కరువు నడిచినంత కాలం ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు దాటాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే ఎంతమంది?"

"2,222!" అని అందరం కోరస్ ఇచ్చాం. ఈ అంకె మా ఇంట్లో పాలవాడికి కూడా వచ్చు.

"ఆ చివరి రెండు ఎలా తెలిసింది? ఎవడో ఒకడు ఒడ్డున కూర్చుని లెక్క రాశాడు కాబట్టి. లెక్క లేని భక్తి గాలి మూట."

ఈ ముక్క ఆయన సొంతం. దీనితో పాఠం అయిపోతుంది, దిద్దుబాటు మొదలవుతుంది.

పోయినేటి తీర్మానాలు ఒక్కొక్కటే చదివాడు. పెద్దమ్మ రాత్రి సీరియళ్లు మానేస్తానంది. మానలేదు గాని సౌండు తగ్గించి చూసింది. సగం టిక్కు. అన్నయ్య నెలకొక ఉపవాస ప్రార్థన అన్నాడు. నాలుగు చేసి, అయిదోసారి ఉపవాసం మధ్యాహ్నం బిర్యానీ పాయింటులో దొరికిపోయాడు. తప్పు గుర్తు. వదినది బైబిలు మొత్తం ఏడాదిలో చదవడం. మొత్తం 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం అయిదు చొప్పున పట్టు వదలకుండా చదివితే డిసెంబరుకు ముగుస్తాయి. వదిన ఏటా జనవరి ఆఖరుకల్లా ఆదికాండం, నిర్గమకాండం సునాయాసంగా దాటి లేవీయకాండం గుమ్మం దగ్గర ఆగిపోతుంది. బలుల లెక్కలు, పొట్టేళ్ల కొవ్వు, కుష్టు మచ్చల పరీక్షలు. "అక్కడ నిద్రొస్తుంది మామయ్యా" అంది దిగులుగా. "అక్కడే మేలుకోవాలమ్మా" అన్నాడాయన.

ఆయన మాత్రం పదకొండుసార్లు చదివాడు. ఆ బైబిలు నేను తిరగేసి చూశాను. ప్రతి అధ్యాయం పక్కనా చిన్న ఎర్ర టిక్కులు. ఆదికాండం ఒకటి పక్కన పదకొండు. యాకోబు పత్రిక అయిదు పక్కన పదకొండు. ప్రకటన ఇరవైరెండు పక్కన పదకొండు. ఎక్కడా ఎగ్గొట్టలేదు.

ఆయన తీర్మానాలన్నీ టిక్కులే. దశమభాగం నెలనెలా, పైసాతో సహా. కుటుంబ ప్రార్థన 365 రోజులు, వరుసగా.

ఇక కొత్త ఏడాదివి. ఎవరివి వాళ్లు రాసుకున్నారు. పెదనాయన తనవి పైకి చదివాడు. ఒకటి, తెల్లారి నాలుగింటికి లేవడం. రెండు, కోపం తగ్గించుకోవడం. మూడోది చదివే ముందు కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఇకమీదట నా కానుకలు గుప్తంగా ఇస్తాను. మత్తయి ఆరో అధ్యాయం. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదు. మైకులో నా పేరు చదువుకోవడం నాకే ఎబ్బెట్టుగా ఉంటోంది."

పెద్దమ్మ కిసుక్కున నవ్వింది. "మరి ఈ రాత్రి కృతజ్ఞత కానుక?"

"ఈ రాత్రి ఇంకా పాత సంవత్సరమేగా" అన్నాడు ఆయన, ఏమాత్రం తడుముకోకుండా.

కవరు తెచ్చి ముందరేసుకుని నోట్లు లెక్కపెట్టాడు. దశమభాగం కాక ఇది వేరే. పంట చేతికొచ్చినందుకు ఏడాది చివర దేవుడికి చెల్లించేది. తొమ్మిది అయిదువందలు, నాలుగు వందలు, రెండు ఇరవైలు, నాలుగు రూపాయి బిళ్లలు. కవరు మీద అంకె వేశాడు. రూ. 4,944.

"ఇదేం లెక్కండీ! ఇంకో యాభై ఆరు పడేస్తే అయిదువేలవుతుందిగా. వినడానికి బాగుంటుంది" అంది పెద్దమ్మ.

"అది దేవుడి లెక్క. ఎక్కువా కాకూడదు, తక్కువా కాకూడదు. నేను చెయ్యి పెట్టకూడదు."

ఆ మాట నాకు భలే నచ్చింది. బిళ్లలు కవర్లో అడుగున గలగలమంటుంటే, ఈ రోజుల్లో ఇంత నిక్కచ్చి మనిషి మా ఇంట్లో ఉన్నాడు కదా అనుకున్నాను.

రాత్రి తొమ్మిదిన్నరకు ఆరాధన. మందిరం నిండిపోయి పందిట్లోకి, పందిరి నిండిపోయి రోడ్డు మీదికి జనం. డిసెంబరు 31 రాత్రి తెలుగు క్రైస్తవుడు ఇంట్లో ఉండడు. ఏడాదంతా గుడి గడప తొక్కనివాడు కూడా ఆ రాత్రి వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాడు, పాత ఏడాదిలోంచి కొత్త ఏడాదిలోకి మోకాళ్ల మీద దాటాలని. ఎడమపక్క చాపల మీద ఆడవాళ్లు. వాళ్లలో మూడో వరుసలో మేస్త్రమ్మ ముఠా. తలంటుకుని, నూనె రాసి దువ్వి, క్రిస్మస్ చీరలే మళ్లీ కట్టుకుని వచ్చారు. చేలో చూసిన ఇరవైఒక్క మందేనా అనిపించింది.

పాటలు, సాక్ష్యాలు. ఒకాయన అప్పు తీరిందని చెప్పాడు, ఒకామె కూతురికి కాన్పు సుఖంగా జరిగిందని చెప్పింది, ఒక కుర్రాడు కానిస్టేబులు పరీక్ష పాసయ్యానని చెప్పబోయి ఏడ్చేశాడు. ప్రతిదానికీ జనం స్తోత్రం అన్నారు. తర్వాత కోశాధికారి వంతు. పెదనాయన మైకు ముందుకొచ్చి కృతజ్ఞత కానుకల కవర్లు ఒక్కొక్కటే విప్పి, పేరు, ఊరు, మొత్తం చదివాడు. వెయ్యినూటపదహార్లు, స్తోత్రం. రెండు వేలు, స్తోత్రం. తన కవరు ఆఖరున చదివాడు. తన పేరు చదివేటప్పుడు గొంతు తగ్గించాడు గాని, అంకె చదివేటప్పుడు మర్చిపోయాడు.

"నాలుగు వేల తొమ్మిది వందల నలభై నాలుగు రూపాయలు."

చిల్లరతో ఉన్న అంకె కదా, జనం ఒక్క క్షణం తికమకపడి, తర్వాత స్తోత్రం అన్నారు. ఆడవాళ్ల వైపు మూడో వరుసలో మాత్రం ఏదో గుసగుస లేచింది. ఒక పిల్ల, తొమ్మిదో పదో చదువుతుందేమో, పక్కనున్న ముసలమ్మ చెవిలో ఏదో చెప్పింది. ముసలమ్మ మొహం విచ్చిన పత్తికాయలా అయింది.

కానుక సంచులు బయలుదేరాయి. ఆడవాళ్ల వైపు సంచి పెదనాయన స్వయంగా పట్టుకున్నాడు. రసీదు పుస్తకం నాకిచ్చి వెంట రమ్మన్నాడు. ఏ కానుకకైనా రసీదు అడిగితే అక్కడే చింపి ఇవ్వాలన్నది ఆయన పెట్టిన నియమం. సంచి మొదటి వరుస దాటింది, రెండో వరుస దాటింది. మూడో వరుసలో చేతులు మారుతూ పోయిందే గాని దాంట్లో ఏమీ పడలేదు. ఇరవైఒక్క మంది, ఒక్కరూ కొంగు ముడి విప్పలేదు.

పెదనాయన వంగాడు. కోపం లేదు ఆయనలో, బాధ ఉంది. బడిలో ఫీజు కట్టని పిల్లవాడితో మాట్లాడే గొంతుతో అన్నాడు. "ఏం మేస్త్రమ్మా, ఏడాదిలో ఆఖరి ఆరాధన. ఒక్క రూపాయైనా వెయ్యకుండా వట్టి చేతులతో కొత్త ఏడాదిలోకి పోతారా?"

"ఏసేశాం మేస్టారూ."

"ఎప్పుడు?"

"మీరే గదా ఇందాక మైకులో సదివారు."

ఆమె నడుము దగ్గర వక్కాకు సంచి తీసి, మూతి వదులు చేసి ఆయన ముందు పట్టింది. నేనూ తొంగిచూశాను. లోపల వక్క లేదు, ఆకు లేదు. నూగుతో బూడిద రంగులో ఉన్న పత్తి గింజలు, సంచి నిండా.

"మీరు కిలో కొట్టేసినప్పుడల్లా ఒక గింజ ఏసుకున్నా. నాకు సదువు లేదుగా, అట్టా గుర్తు. ఈ సీజనుకు నాలుగొందల పన్నెండు ఉండాయి. మా మనవరాలు రెండుసార్లు ఎంచింది. కిలోకి పన్నెండు చొప్పున అది ఎక్కం ఏసి సాయంత్రమే చెప్పింది నాకు. నాలుగువేల తొమ్మిదొందల నలభై నాలుగు." ఆమె గొంతులో కోపం కోసం నేను వెతికాను. కనబడలేదు. "మీ ఇంటికి పోతందేమో అనుకున్నాం మేస్టారూ, నిజం చెప్పాల. ఒక్క రూపాయి కూడా తినకుండా అంతా దేవుడికే పెట్టారు. మీలాంటోళ్లు యాడుంటారు!"

పెదనాయన చేతిలో సంచి అలాగే ఉంది. నా చేతిలో రసీదు పుస్తకం అలాగే ఉంది. నాలుగొందల పన్నెండులో నలభైరెండు నా దస్తూరీలోనే ఉన్నాయన్నది అప్పుడు గుర్తొచ్చింది.

"కాకపోతే రసీదు మాత్రం మా ముఠా పేర్న రాయండి" అంది మేస్త్రమ్మ. "పాస్టరమ్మకు చూపించుకుంటాం."

"రేపు... రేపు రాసిస్తాలే."

"రేపెంత దూరం, ఇంకో గంటలో రేపే గదా" అంది ఆమె, సంచి మూతి బిగిస్తూ. "నిరుటి గింజలు కూడా ఇంట్లో సీసాలో ఉండాయి. దాని రసీదు తొందర్లేదులెండి."

పన్నెండు కొట్టడానికి అయిదు నిమిషాల ముందు దీపాలన్నీ ఆర్పారు. అందరం మోకాళ్లూనాం. పన్నెండు కొట్టింది, దీపాలు వెలిగాయి, హ్యాపీ న్యూ ఇయర్‌లు, బయట టపాకాయలు. అందరూ లేచి వాగ్దాన కార్డులు తీసుకోవడానికి వరస కట్టారు. పెదనాయన మాత్రం లేవలేదు. గోడవైపు తిరిగి మోకాళ్ల మీదే ఉండిపోయాడు. పెద్దమ్మ వెళ్లి భుజం తట్టేదాకా లేవలేదు. ఆయన భుజాలు కదలడం నేను చూశాను. మనసులో ఏదో చల్లబడింది నాకు.

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట దాటింది. అందరూ పడుకున్నారు. ముందుగదిలో బల్ల దగ్గర దీపం వెలుగుతూనే ఉంది. కాగితం తిప్పిన చప్పుడు, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ కాగితం చప్పుడు. ఇరవైఒక్క పేర్లు రాయాలంటే ఆ మాత్రం సమయం పడుతుందిలే అనుకుంటూ నిద్రపోయాను.

పొద్దున ఆయన స్నానానికి పోయినప్పుడు బల్ల దగ్గరకెళ్లాను. రసీదు పుస్తకం తెరిచే ఉంది. ఒక రసీదు రద్దయింది. పేరు రాసే చోట 'ము' అని ఒక్క అక్షరం రాసి, మీద అడ్డంగా రెండు గీతలు కొట్టి ఉన్నాయి. దాని కింద రసీదు సక్రమంగా పూర్తయింది. తేదీ జనవరి 1. రూ. 4,944. శ్రీ/శ్రీమతి అన్న చోట, ముత్యాల్లాంటి దస్తూరీలో, 'పేరు తెలుపని విశ్వాసి' అని ఉంది.

పక్కనే తీర్మానాల పుస్తకం. కొత్త పేజీ, ముప్పైఒక్క గళ్లు. నాలుగింటికి లేవడం అన్నదాని ఎదురుగా మొదటి గడి ఖాళీ. కోపం ఎదురుగా ఖాళీ. మూడో తీర్మానం ఎదురుగా మాత్రం అప్పుడే ఎర్ర టిక్కు పడింది.